లైన్‌బార్గర్ గారి రెండో పేరు

దగ్గరికి జరగండర్రా, మంచు దిగుతోంది. చిన్నోడా, ఆ కొబ్బరిమట్ట ఇంకోటి మంటలో వెయ్యి. నిన్న మీరు చూస్తున్న సినిమాలో మనుషుల్ని పెట్టెల్లో నిద్రపుచ్చి నక్షత్రాల దాకా తీసుకుపోతున్నారు కదా, అది చూడగానే నాకు ఓ పెద్దమనిషి గుర్తొచ్చాడు. అలాంటి ప్రయాణం మీద 1945లోనే కథ రాసి, అది అచ్చవడానికి ఐదేళ్లు ఎదురుచూసినవాడు. ఇవాళ ఆయన ముచ్చటే చెబుతాను. నిద్రొస్తే నిద్రపోండి గాని మధ్యలో ఫోను తియ్యకండి.

ఆయన పేరు పాల్ లైన్‌బార్గర్. 1913 జూలై 11న అమెరికాలో మిల్వాకీ అనే ఊళ్లో పుట్టాడు. పుట్టడమే అక్కడ, పెరగడం మాత్రం దేశదేశాల్లో. వాళ్ల నాన్న వకీలు. ఫిలిప్పీన్స్‌లో జడ్జీగా చేశాడు. ఆ తరవాత చైనా వెళ్లి సన్ యట్-సేన్ పక్షాన చేరాడు. సన్ యట్-సేన్ అంటే చైనాలో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చినప్పుడు దానికి మొదటి తాత్కాలిక అధ్యక్షుడైన మనిషి. మనకు గాంధీగారు ఎలాగో చైనావాళ్లకు ఆయన అంత. ఆయనకి ఈ వకీలుగారు న్యాయ సలహాదారు. ఆ స్నేహంతోనే మన పాల్‌కి సన్ యట్-సేన్ గాడ్‌ఫాదర్‌గా నిలబడ్డాడు. పిల్లాడికి లిన్ బై-లో అని చైనా పేరు కూడా ఉండేది.

నాన్న వెంట చైనా, జపాన్, ఫ్రాన్స్, జర్మనీ తిరిగాడు. ముప్ఫైకి పైగా బళ్లు మారాడంటే చూసుకోండి. ఓ బళ్లో స్నేహితుడు కుదిరేలోగా ఇంకో దేశం. చిన్నతనంలోనే కుడికంటి చూపు పోయింది. మిగిలిన ఎడమకంటికి ఇన్ఫెక్షన్ సోకి దాని చూపూ తగ్గింది. ఆ ఒంటికంటితోనే చదివి, అరడజను భాషలు నేర్చి, ఇరవై మూడేళ్లకు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. 1937 నుంచి డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఎప్పుడూ కొత్త ఊరు, కొత్త భాష, తన మాట అర్థంకాని పిల్లల మధ్య పెరిగినవాడికి ఎదుటివాడి మనసులో ఏముందో పసిగట్టడం బతుకుదెరువు అయిపోతుంది. ఆయన జీవితమంతా చేసింది ఆ ఒక్క పనే అని నా నమ్మకం. ఉద్యోగంలోనూ అదే, కథల్లోనూ అదే.

ఉద్యోగం సంగతి ముందు చెబుతాను. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. సైన్యంలో చేరాడు. చూపు సరిగా లేనివాడికి తుపాకీ పని ఇవ్వరు కదా. ఆయనకిచ్చింది మానసిక యుద్ధం. శత్రువు మీద బాంబులు కాకుండా కరపత్రాలు వెయ్యడం, రేడియోలో మాట్లాడటం, వాడి ధైర్యం సడలగొట్టడం, వాడు తనంతట తానే ఆయుధం దించేలా చెయ్యడం. అమెరికా సైన్యంలో ఈ విద్య కోసం మొదటి విభాగం పెట్టినప్పుడు ఆయన అందులో ఉన్నాడు. 1943లో చైనా పంపారు. యుద్ధం ముగిసేసరికి మేజర్. తరవాత వాషింగ్టన్‌లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ల అంతర్జాతీయ వ్యవహారాల కళాశాలలో ఆసియా రాజకీయాల ప్రొఫెసరు అయ్యాడు. 1948లో ‘సైకలాజికల్ వార్‌ఫేర్’ అని పుస్తకం రాస్తే ఆ విద్యకి అదే పాఠ్యపుస్తకం అయింది.

కొరియా యుద్ధంలో ఆయన చేసిన పని ఒకటి చెబుతాను, బాగా వినండి. అటువైపు చైనా సైనికులు. చేతులెత్తెయ్యడం వాళ్లకు చచ్చేంత సిగ్గు. చుట్టూ ముట్టడి, తప్పించుకునే దారి లేదు, అయినా లొంగిపోరు. చచ్చిపోతారు. లైన్‌బార్గర్ కూర్చుని ఆలోచించాడు. వీళ్లకి ప్రాణభయం లేక కాదు, లొంగిపోతున్నాం అనే మాట నోటితో అనడం అవమానం. మరి అవమానం లేకుండా అనిపిస్తే? కరపత్రాలు రాయించాడు. వాటిలో ఏముందంటే, ప్రేమ, కర్తవ్యం, మానవత్వం, సద్గుణం అనే అర్థాలున్న నాలుగు చైనా మాటల్ని ఫలానా వరసలో గట్టిగా అరవండని. అవి అరిస్తే సిగ్గేముంది, మంచి మాటలేగా. కానీ ఆ వరసలో కలిపి పలికితే ఇంగ్లీషువాడి చెవికి ‘ఐ సరెండర్’ అన్నట్టు వినిపిస్తుంది. సైనికుడు తన ధర్మం తాను చాటుకుంటూ బయటికొస్తాడు, ఎదుటివాడు తుపాకీ దించుతాడు. ఇద్దరి పరువూ దక్కింది, ప్రాణమూ దక్కింది. నా జన్మలో నేను చేసిన మంచి పని ఇదొక్కటే అని ఆయన అనుకునేవాడట.

ఆ యుద్ధం ఆగినప్పుడు మనదేశం పేరు కూడా మోగిందర్రా. 1953లో, సొంత దేశానికి తిరిగి వెళ్లం అని మొండికేసిన ఖైదీల సంగతి తేల్చడానికి తటస్థ దేశాల కమిషన్ వేస్తే, దానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. ఆ ఖైదీలకు కాపలా కాసింది మన సైనికులే. నేనప్పుడు బళ్లో చదువుతున్నాను. మా నాన్న ఆంధ్రపత్రిక తెచ్చి ఆ వార్తలు పైకి చదువుతుంటే అరుగుమీద జనం మూగేవాళ్లు. ఆ ఖైదీల్లో లైన్‌బార్గర్ గారి కరపత్రం పట్టుకుని వచ్చినవాళ్లు ఎందరున్నారో ఎవరు చెప్పగలరు!

మలయాలో బ్రిటిషువాళ్లకూ సలహా చెప్పాడు. వియత్నాం వచ్చేసరికి మాత్రం రానన్నాడు. ఆ యుద్ధంలో అమెరికా తలదూర్చడం తప్పు అన్నాడు. సైన్యంలో కర్నల్ హోదా ఉన్నవాడు ఆ మాట అనడం చిన్న సంగతి కాదు.

ఇక రెండో పేరు. నలుగురికీ తెలిసిన ప్రొఫెసరు, ప్రభుత్వానికి సలహాదారు. అలాంటివాడు కథలు రాస్తే జనం కథ చదవరు, మనిషిని చదువుతారు. మొదట ఫెలిక్స్ ఫారెస్ట్ అని పేరు పెట్టుకుని రెండు నవలలు రాశాడు. ఆ పేరు వెనక ఎవరున్నారో బయటపడింది. ఇక ఆ పేరుతో కలం కదల్లేదు. కార్మైకేల్ స్మిత్ అనే పేరుతో ఓ గూఢచారి నవల రాశాడు. మూడో కలంపేరు కార్డ్‌వైనర్ స్మిత్. సైన్స్ ఫిక్షన్ దాదాపు అంతా ఈ పేరుతోనే. దీన్ని మాత్రం చాలాకాలం గుట్టుగా కాపాడుకున్నాడు.

ఆ పేరుతో వచ్చిన మొదటి కథ ‘స్కానర్స్ లివ్ ఇన్ వెయిన్’. కథ ఎలా మొదలవుతుందో చూడండి. మార్టెల్ అనేవాడికి కోపం వచ్చింది. గదిలో దబదబా నడిచాడు. బల్లకి తగిలాడు. బల్ల కింద పడింది. పెద్ద చప్పుడే అయ్యుంటుందని భార్య మొహం చూసి తెలుసుకున్నాడు. అప్పుడు వంగి తన కాలు విరిగిందేమో చూసుకున్నాడు. విరగలేదు.

అర్థమైందా? వాడికి చెవులు పనిచెయ్యవు. ఒంటికి దెబ్బ తెలీదు. కాలు విరిగినా కంటితో చూస్తే తప్ప తెలీదు. ఎందుకంటే, ఆ కాలంలో అంతరిక్షంలోకి మెలకువతో వెళ్తే భరించలేని ఓ బాధ పుడుతుంది, మనిషి చచ్చిపోతాడు. అందుకని ప్రయాణికుల్ని నిద్రలో గడ్డకట్టించి తీసుకెళ్తారు. మరి ఓడ నడిపేదెవరు? కొందరి మెదడుకీ ఒంటికీ ఉన్న లంకె కోసేస్తారు. రుచి, వాసన, స్పర్శ, వినికిడి, ఏదీ ఉండదు. కళ్లు మాత్రం వదులుతారు. ఛాతీ మీద డయళ్లున్న పెట్టె బిగిస్తారు. గుండె ఎంత కొట్టుకుంటోంది, ఒంట్లో వేడెంత, అన్నీ వాడు ఆ ముళ్లు చూసుకుని తానే సరిచేసుకోవాలి. మాట్లాడాలంటే వేలిగోటితో పలక మీద రాయాలి. ఓడలో కూలిపని చేసే ఖైదీలకు ఈ శిక్ష బలవంతంగా వేస్తారు. వాళ్లమీద అజమాయిషీ చేసే స్కానర్లు మాత్రం మానవజాతి కోసమని ఇష్టపడి చేయించుకుంటారు. వాళ్లంటే లోకానికి గొప్ప గౌరవం.

అప్పుడప్పుడు ఓ తీగ తగిలించుకుంటే కాసేపు మామూలు మనిషి అవుతారు. మార్టెల్ అలా అయి, భార్య గొంతు విని మురిసిపోతున్న సమయంలో పెద్దల దగ్గర్నుంచి అత్యవసర పిలుపు. పరుగెత్తాడు. సంగతేంటంటే, ఆడమ్ స్టోన్ అనే శాస్త్రవేత్త ఓడ గోడల్లో బతికున్న ప్రాణుల్ని పొరలుగా పేర్చి, ఆ బాధని అవి మింగేలా చేశాడు. ఇక ఎవరి ఒళ్లూ కొయ్యక్కర్లేదు. సంతోషించాలా వద్దా? స్కానర్ల సభ కూర్చుని అతన్ని చంపెయ్యాలని తీర్మానించింది! అతను బతికితే మన త్యాగానికి విలువేముంది అని. ఆ సభలో ఆ కాసేపు మనిషిగా ఉన్నది మార్టెల్ ఒక్కడే. వాడికి తెలిసింది ఇది హత్య అని. చంపడానికి బయల్దేరిన సొంత స్నేహితుడికే అడ్డం పడాల్సి వచ్చింది. మిగతాది చెప్పను, చదువుకోండి.

కళ్లు తప్ప ఏ ఆసరా లేని మనిషిని ఎవరు ఊహించారు? చిన్నతనాన ఓ కన్ను పోగొట్టుకుని, ఉన్న కంటికి ఏమవుతుందోనని బతికినవాడు. ఇది నా సొంత ఆలోచనే గాని, నాకు ఆ కథ చదివిన ప్రతిసారీ అదే తోస్తుంది.

ఈ కథని పెద్ద పత్రికలు తిప్పి పంపాయి. మరీ విడ్డూరంగా ఉందన్నారు. చివరికి 1950లో లాస్ ఏంజిలిస్‌లో ‘ఫాంటసీ బుక్’ అనే చిన్న పత్రికలో వచ్చింది. అది చదివేవాళ్లు బహుకొద్దిమంది. అంతటితో ఆ కథ మరుగున పడిపోయేదే. అదే సంచికలో ఐజాక్ అసిమోవ్, ఫ్రెడరిక్ పోల్ కలిసి రాసిన కథ ఒకటి పడింది. పోల్ తన కథ చూసుకోవడానికి పత్రిక తెరిచి పక్క కథ చదివాడు. చదివి అదిరిపోయి 1952లో తాను కూర్చిన సంకలనంలో మళ్లీ వేశాడు. అప్పుడు లోకానికి తెలిసింది. ఎవరీ స్మిత్? ఏ పెద్ద రచయిత పేరు మార్చుకుని రాస్తున్నాడు? ఎవరికి తోచిన పేరు వాళ్లు చెప్పుకున్నారు. తరవాత అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితలు 1965కి ముందు వచ్చిన గొప్ప చిన్నకథలకు ఓట్లు వేసుకుని 1970లో సంకలనం వేస్తే అందులో ఇదీ ఉంది.

నాకు ఆయన దొరికింది హైదరాబాదు ఆబిడ్స్‌లో. ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ అట్ట లేని ఓ సంకలనం దొరికింది. బస్సులో నిలబడే మొదలుపెట్టాను. ముందుగా చదివింది ‘ది గేమ్ ఆఫ్ రాట్ అండ్ డ్రాగన్’. 1955లో ‘గెలాక్సీ’ పత్రికలో వచ్చింది. ఆ కథ మీకు మరీ నచ్చుతుంది, ఎందుకంటే అందులో వీరులు పిల్లులు.

నక్షత్రాల మధ్య చీకట్లో ఏవో ఉన్నాయి. మనిషి మనసుకి అవి డ్రాగన్లలా తోస్తాయి. ఓడమీద పడితే లోపలున్నవాళ్లు చావడమో పిచ్చెక్కడమో జరుగుతుంది. వెలుతురు తగిలితే అవి చస్తాయి. కాని రెప్పపాటులో మీదపడే వాటిని గురిచూసి కొట్టేంత చురుకు మనిషి మనసుకి లేదు. పిల్లికి ఉంది. పిల్లికి అవి డ్రాగన్లు కావు, బ్రహ్మాండమైన ఎలుకలు! అందుకని మనసుతో మనసు కలపగలిగే మనుషుల్ని ఒక్కొక్క పిల్లితో జత కడతారు. ఎవరికి ఏ పిల్లి వస్తుందో పాచిక వేసి తేలుస్తారు. అండర్‌హిల్ అనేవాడికి లేడీ మే అనే ఆడపిల్లి జత పడింది. ఇద్దరి మనసులూ కలిసినప్పుడు దాని ఆలోచనలు ఎంత శుభ్రంగా, ఎంత చురుగ్గా, ఎంత ఆప్యాయంగా ఉంటాయో రాశాడు చూడండి, పిల్లుల్ని పెంచి ప్రేమించినవాడే అలా రాయగలడు. ఆయన ఇంటినిండా పిల్లులే. యుద్ధం అయ్యాక అండర్‌హిల్ ఆసుపత్రిలో కళ్లు తెరుస్తాడు. నర్సుకి అతనంటే చిరాకు, ఆ చిరాకు అతని మనసుకి తెలిసిపోతూ ఉంటుంది. అతని బెంగంతా లేడీ మే ఎలా ఉందోనని. మనుషుల్లో తనకి అలాంటి తోడు ఎక్కడ దొరుకుతుంది అన్న దిగులుతో కథ ముగుస్తుంది. ఎంత ఒంటరితనమర్రా అది!

ఆయన కథ చెప్పే తీరు కూడా వేరు. చైనా పాత కథలు చదువుకున్నవాడు కదా. వేల ఏళ్ల తరవాతి సంగతిని, ఆ తరవాత ఇంకా వేల ఏళ్లకు ఎవరో గుర్తు చేసుకుంటున్నట్టు చెబుతాడు. ఈ కథ మీ అందరికీ తెలిసిందే, ఫలానావాడు ఎలా పోయాడో తెలుసు, ఆమె ఏమైందో తెలుసు, అయితే అసలు ఎలా జరిగిందో వినండి, అని మొదలుపెడతాడు. మన హరిదాసు సీతాకల్యాణం చెప్పినట్టే. పెళ్లి అవుతుందని అందరికీ తెలుసు, అయినా విల్లు విరిగేదాకా ఎవరూ లేవరు. పాటలు, పదాలు, నానుడులు మధ్యమధ్యలో తగిలిస్తాడు. అప్పట్లో మిగతావాళ్లు రాకెట్టు ఇంజను ఎలా తిరుగుతుందో పేజీలకు పేజీలు రాస్తుంటే ఈయన దానికి ఓ పేరు పెట్టి వదిలేసి, అందులో ఎక్కిన మనిషి గుండెలో ఏముందో రాశాడు. అందుకే ఆ ఇంజన్లు పాతబడ్డాయి, ఈ కథలు పాతబడలేదు.

అన్ని కథలూ కలిపి ముప్ఫై పైచిలుకు. చాలావాటికి లోకం ఒక్కటే. ఇన్‌స్ట్రుమెంటాలిటీ అనే పెద్దల సభ ఏలుతుంటుంది. నార్‌స్ట్రిలియా అనే గ్రహంలో జబ్బుపడ్డ పెద్ద పెద్ద గొర్రెల నుంచి మందు తీసి జనం వందల ఏళ్లు బతుకుతుంటారు. ఆ పేరుతో నవల కూడా ఉంది గాని నా ఓటు చిన్నకథలకే. చాకిరీ అంతా చేసేది జంతువుల నుంచి మలిచిన మనుషులు. చూడటానికి మనలాగే ఉంటారు, మాట్లాడతారు, ఆలోచిస్తారు. హక్కు అన్నది మాత్రం ఒక్కటీ లేదు. జబ్బు చేస్తే వైద్యం చెయ్యరు, చంపేస్తారు. పేరుకి ముందు ఓ అక్షరం తగిలిస్తారు, ఏ జంతువు జాతో తెలియడానికి. పిల్లి జాతి అయితే సి, కుక్క అయితే డి. పేరు వినగానే ఎక్కడ నిలబెట్టాలో, ఏ పని చెప్పాలో తెలిసిపోవాలి. మనదేశంలో పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

‘ది డెడ్ లేడీ ఆఫ్ క్లౌన్ టౌన్’లో డి'జోన్ అనే కుక్క జాతి పాప తనవాళ్లందర్నీ వెంటబెట్టుకుని దాక్కున్న చోటునుంచి బయటికొస్తుంది. చేతిలో కర్ర లేదు, కత్తి లేదు. చంపడానికి వచ్చినవాళ్లతో మీరంటే మాకు ప్రేమ అంటూ నడిచింది. చంపేశారు. ఆ పాపని మంటలో వేశారు. ఫ్రాన్సులో జోన్ ఆఫ్ ఆర్క్‌ని కాల్చిన కథ మనసులో పెట్టుకుని రాసింది ఇది. 1964లో అచ్చయింది. అమెరికాలో నల్లవాళ్ల పౌరహక్కుల చట్టం వచ్చింది కూడా ఆ ఏడే. కథలో ఆ పాప చావు వృథా పోలేదు. దాన్ని కళ్లారా చూసిన ఓ అధికారిణి వంశంలో తరాల తరవాత జెస్టోకాస్ట్ పుట్టి, సి'మెల్ అనే పిల్లిజాతి అమ్మాయితో కలిసి వాళ్ల హక్కులకు దారి తీస్తాడు. అది 1962లో వచ్చిన ‘ది బాలడ్ ఆఫ్ లాస్ట్ సి'మెల్’. కాలంలో వెనకది ముందు రాశాడు, ముందుది వెనక రాశాడు. సి'మెల్‌కి మూలం వాళ్లింట్లో మెలనీ అనే పిల్లి. జెస్టోకాస్ట్ ముసలివాడై పోయేముందు అడిగే ప్రశ్న ఒకటుంది. ఆమె నన్ను ప్రేమించిందా అని. అది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరుకున్నాను.

అమ్మడూ, నువ్వు చదివితే ఒక్క సంగతి అంటావు, నాకు తెలుసు. సి'మెల్ అందం గురించి అన్ని మాటలెందుకు అని. నిజమే. ఆడవాళ్లను రాయడంలో ఆయన ఆ కాలపు మగవాడే. అది ఒప్పుకుంటూనే చదవాలి.

భార్య జెనెవీవ్ కూడా కొన్ని కథల్లో చెయ్యి కలిపింది. ఆస్ట్రేలియా అంటే ఆయనకి ప్రాణం, రిటైరయ్యాక అక్కడ ఉండాలనుకున్నాడు. రాయబోయే కథల ఆలోచనలన్నీ ఓ నోటుపుస్తకంలో రాసుకునేవాడు. 1965లో గ్రీసులో రోడ్స్ దగ్గర పడవలోంచి వంగితే జేబులోని ఆ పుస్తకం సముద్రంలో జారిపోయింది. ఎన్ని కథలు పోయాయో! మళ్లీ కొత్త పుస్తకం మొదలుపెట్టాడు. అది నిండే టైము దక్కలేదు. 1966 ఆగస్టు 6న బాల్టిమోర్‌లో గుండె ఆగి పోయాడు. యాభై మూడేళ్లు. ఆర్లింగ్‌టన్ సైనిక శ్మశానంలో సమాధి చేశారు.

2001 నుంచి ఆయన పేరుతో ఓ అవార్డు ఇస్తున్నారు. మరుగున పడ్డ రచయితల్ని వెతికి పైకి తెచ్చేందుకు. ఆయన పేరుకి తగిన అవార్డే.

మీరంతా ఇంగ్లీషు మీడియం పిల్లలు, నాకంటే బాగా చదువుతారు. సంక్రాంతి సెలవులు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ పిల్లుల కథ చిన్నదే. అమ్మడూ, నువ్వు చదివి, చిన్నోడికి అర్థమయ్యేలా మన తెలుగులో రాసి పట్టుకురా. రేపు నువ్వు చెబుదువుగాని, మేమందరం వింటాం.